మూడు మంచి సంగతులు

2025 జూన్ 2, సోమవారం. మదనపల్లె

ఈరోజంతా కుప్పం యూనిట్‌లో వర్క్‌షాప్. పొద్దున ఐదున్నరకు కంపెనీ వ్యాన్ ఎక్కాను. నడుము పడిపోయింది.

బెంగళూరు నుంచి ట్రైనర్ వచ్చాడు. ముప్పై మంది ఆఫీసు స్టాఫ్‌ను గుండ్రంగా నిలబెట్టి, పక్కవాళ్ల కళ్లలోకి చూస్తూ "మీరు ఉన్నందుకు థాంక్స్" అని చెప్పమన్నాడు. నా పక్కన స్టోర్స్ కీపర్. నోట్లో వక్క ఉంది. అతను ఉన్నందుకు నేను థాంక్స్ చెప్పాను. అతను తల ఊపి ఉమ్మేసి రావడానికి బయటికి పోయాడు.

ఇది పాజిటివ్ సైకాలజీ అట. రోజూ మూడు మంచి సంగతులు రాసుకుంటే మనసు కుదుటపడుతుందట. దాన్ని నేను తిట్టను. నాన్న పోయిన ఏడాది ఈ డైరీలోనే నేను అలాంటిదేదో రాసుకున్నాను, కొంచెం లేచి నిలబడ్డాను. నాకు ఒళ్లు కంపరమెత్తించింది బెలూన్లు. చప్పట్లు. మా హెచ్.ఆర్. హెడ్ భరత్ కళ్లలో నీళ్లు తెచ్చుకోవడం. అతను నాకంటే రెండేళ్లు చిన్న. మైకు పట్టుకుని, పుంగనూరు ఫ్యాక్టరీకి హ్యాపీనెస్ ఛాంపియన్ స్వర్ణలత అని ప్రకటించి, నా పైటకు పసుపుపచ్చ బ్యాడ్జి తగిలించాడు.

ఇంటికి వచ్చాక అమ్మ బ్యాడ్జి చూసి ప్రమోషనా అని అడిగింది. కాదన్నాను. జీతం పెరిగిందా అంది. లేదన్నాను. అయితే అది ఎందుకు, చీర చిరుగుతుంది తియ్యి అంది.

జూన్ 4, బుధవారం

మూడు మంచి సంగతుల కార్డులు మొదలు. ఫ్యాక్టరీలో నూట నలభై మంది. ఇది మామిడి సీజను, రెండు లైన్లూ ఆగకుండా గుజ్జు తీస్తున్నాయి. లోపలికి ఫోన్లు తేకూడదు కాబట్టి కంపెనీ హ్యాపీనెస్ యాప్‌లో వాళ్లు రాయలేరు. కార్డు మీద పెన్నుతో రాస్తారు, నేను టైపు చేసి ఎక్కించాలి. రోజూ నూట నలభై కార్డులు! ఇది ఎవరి వెల్‌బీయింగో నాకు అర్థం కాలేదు.

మగవాళ్లు ముగ్గురు కలిసి ఒకే మాట రాశారు. టీ బాగుంది, టీ బాగుంది, టీ బాగుంది. ఒకామె బస్సులో సీటు దొరికిందని రాసింది. రెండో లైనులో సువార్తమ్మ అని ఒకామె ఉంది, యాభై దాటి ఉంటుంది, మదనపల్లె నుంచే వస్తుంది. చిన్నప్పుడు మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివిందట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కార్డుకు రెండు పక్కలా నింపేసింది.

జూన్ 7, శనివారం

యాప్‌లో పెట్టెకు వంద అక్షరాలే పడతాయి. పైగా నెగెటివ్ మాట ఏదైనా ఉంటే ఫ్యాక్టరీ సంతోషం స్కోరు దానంతట అదే పడిపోతుంది. భరత్ ఫోన్ చేసి, క్లీన్ చేసి ఎక్కించు, దేవుడి పేర్లు కూడా వద్దు అన్నాడు. రిలిజియస్ కంటెంట్ అవుతుందట.

సువార్తమ్మ మొదటి కార్డు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, ఎంత పొడుగ్గా రాస్తుందో నాకు గుర్తుండాలి.

"నిన్న మంగళవారం పదకొండున్నరకు రెండో లైను కాడ స్టీమ్ పైపు జాయింటు బుస్సుమనింది. ఆవిరి మనిషి తల ఎత్తున కొట్టింది. ఆ గడియకు నేను కింద పడిన మామిడికాయ ఎత్తేదానికి వంగి ఉండాను. నా తల మీదుగా పోయింది. నన్ను వంగబెట్టింది నా ప్రభువు. స్తోత్రం."

నేను ఎక్కించింది: "నిన్న క్షేమంగా పనిచేశాను. సంతోషం."

ఇంకో రూలు కూడా పెట్టారు. చదివిన ప్రతి కార్డు మీదా ఎర్ర ఇంకుతో టిక్కు, పక్కన నా పొడి అక్షరాలు. ఒక రోజంతా క్యాంటీన్ బోర్డుకు గుచ్చి, ఆ తర్వాత గోనెసంచిలో వెయ్యాలి. తమ మాట ఎవరో విన్నారన్న ఫీలింగ్ వాళ్లకు రావాలట.

జూన్ 12, గురువారం

మా స్కోరు 81. కుప్పం 78. భరత్ వాట్సాప్ గ్రూపులో డాన్స్ చేసే కోతి బొమ్మ పెట్టాడు.

జూన్ 17, మంగళవారం

ఈరోజు నవ్వాను. నిజంగా నవ్వాను. సువార్తమ్మ పక్కన నిలబడే పిల్ల సుప్రజ, చౌడేపల్లె నుంచి వస్తుంది, ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయింది, కంప్యూటర్ కోర్సుకు చేరేదాకా ఈ పని అంటుంది. దాని కార్డు:

"ఒకటి: కరెంటు పోయింది, అర్ధగంట కూర్చున్నాము. రెండు: సూపర్‌వైజర్ రాలేదు. మూడు: రేపు కూడా రాకుంటే ఇంకొంచెం మంచిది."

ఎక్కించింది: "టీమ్‌తో కలిసి సమయం గడిపాము. రేపటి కోసం ఎదురుచూస్తున్నాము."

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ పిల్లను పిలిచి, ఇలాంటివి రాయొద్దు తల్లీ, నా ప్రాణం మీదికి తేవద్దు అన్నాను. సరే అక్కా అని, రేపటి నుంచి సూపర్‌వైజర్ వచ్చినందుకు థాంక్స్ రాస్తానంది. ముఖంలో నవ్వు లేదు. గట్టి పిల్ల.

క్యాంటీన్ సాంబారు గురించి పదకొండు కార్డులు. ఫ్యాన్ల గురించి ఆరు. అన్నీ క్లీన్ చేశాను. వేళ్లు వాటంతట అవే పోతున్నాయి. చదవడం ఎప్పుడు ఆపేశానో నాకే తెలియదు, చివరి వాక్యం చూసి దాన్నే ఎక్కిస్తున్నాను.

జూన్ 20, శుక్రవారం

సువార్తమ్మ మళ్లీ ఆ పైపే రాసింది. బుస్సుమనింది, పక్కకు జరిగాను, స్తోత్రం. ఇది ఎన్నోసారో. పొద్దున ఆమెను పిలిచి కసురుకున్నాను. అమ్మా, మంచి సంగతి ఒక్క లైను చాలు, కథంతా వద్దు, నాకు టైపు చెయ్యలేక చేతులు పడిపోతున్నాయి అన్నాను. ఆమె తల ఊపింది. సాయంత్రం కార్డు వచ్చింది. మళ్లీ రెండు పక్కలా!

ప్లాంట్ మేనేజర్ మునిచంద్రకు ఈ పైపు సంగతి ఓ మాట చెబుదామని అతని గదికి వెళ్లాను. స్కోరు 86 అయిందని కుర్చీలోంచి లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇంతలో టీ వచ్చింది. ఎండీ గారు మెచ్చుకున్న సంగతి చెప్పాడు. తాగి వచ్చేశాను.

జూన్ 26, గురువారం

మదనపల్లె హెడ్డాఫీసులో అవార్డు. శాలువా, స్టీలు వాటర్ బాటిల్, ఫోటో. నూట నలభై మందిలో సంతోషం పెంచినందుకట. ఫోటోలో నేను బాగానే ఉన్నాను. సిగ్గులేకుండా అమ్మకు పంపాను.

జూలై 1, మంగళవారం. మధ్యాహ్నం 12.15

సుప్రజకు స్టీమ్ కొట్టింది.

జూలై 1. సాయంత్రం 6

 అంతా రాయాలి.

పది నలభైకి. అదే జాయింటు. ఈసారి బుస్సుమని ఆగలేదు, ఆవిరి కారకుండా బిగించే ప్యాకింగ్ మొత్తం ఊడి వచ్చేసింది. సుప్రజ నిటారుగా నిలబడి ఉంది. ముఖం కుడి వైపు, మెడ, కుడి చెయ్యి. మిషన్ల మోతలో కేక ఎవరికీ వినబడలేదట. సువార్తమ్మ చూసి, ఆ పిల్లను నడుం పట్టి వెనక్కి లాగి, కొళాయి కిందికి తోసి, నీళ్లు పోస్తూనే కూర్చుంది. నేను వెళ్లేసరికి ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. సుప్రజ ఏడవడం లేదు. కన్ను కనిపించడం లేదని ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంటోంది.

అప్పటికీ లైను నడుస్తూనే ఉంది. ఇది రాయడానికే నాకు అసహ్యంగా ఉంది. ఆ పిల్ల కొళాయి కింద కూర్చుని ఉంటే పక్కనే బెల్టు మీద మామిడికాయలు పోతున్నాయి. మునిచంద్ర వచ్చి ముందు బ్యాచ్ సంగతి అడిగాడు. మధ్యలో ఆపితే ట్యాంకులో ఉన్నదంతా పారబోయాలట. పన్నెండు నిమిషాల తర్వాత ఆపారు. ఫిట్టర్ గంగులయ్య వచ్చి జాయింటు చూసి, దీన్ని మే నెలలోనే మార్చాల్సింది, సీజన్ అయ్యేదాకా ఆగమన్నారు అని నా ముందరే అన్నాడు. మునిచంద్ర అతనివైపు ఒక చూపు చూశాడు. గంగులయ్య పనిముట్ల సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

పుంగనూరులో కట్టు కట్టి కుప్పంలోని పెద్దాసుపత్రికి పంపారు. వాళ్లమ్మ కుప్పమ్మ ఆవుల కొట్టం ఊడ్చి అప్పుడే ఇంట్లోకి వచ్చిందట, చేతులు కడుక్కోకుండానే ఆటో ఎక్కి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, కన్ను పోదు కదమ్మా అని అడిగింది. పోదు అన్నాను. నాకేం తెలుసు? నోటికి అలవాటైపోయింది, మంచి మాటే వస్తోంది. థూ.



జూలై 2, బుధవారం

భరత్ వచ్చాడు. రెజీలియెన్స్ సెషన్ అట, అంటే దెబ్బ నుంచి తేరుకోవడం. రెండో లైను వాళ్లందర్నీ కూర్చోబెట్టి, నిన్నటి ఘటన నుంచి నేర్చుకున్న ఒక మంచి విషయం చెప్పమన్నాడు. చివరికి తనే, మనం ఒక కుటుంబం అని నేర్చుకున్నాం అని చెప్పి చప్పట్లు కొట్టాడు. సువార్తమ్మ అతని చేతులవైపు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం రిపోర్టు నా చేతికిచ్చి తెలుగు సరిచూడమన్నారు. కార్మికురాలు నిలబడకూడని చోట నిలబడింది. ఆమె సొంత అజాగ్రత్త. ఆ పైపు గురించి ఎన్నడూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రుజువుగా యాప్ ప్రింటవుట్లు జతచేశారు, నెలలో మూడువేల పైచిలుకు ఎంట్రీలు, ఒక్కదాంట్లోనైనా పైపు అన్న మాట లేదు.

ఎలా ఉంటుంది? నేను తీసేశాను కదా.

సొంత అజాగ్రత్త అని రాస్తే వైద్యం ఖర్చు కంపెనీది కాదు, ఉద్యోగమూ ఉండదు. ఆ పిల్లకు కన్ను పోతే, తప్పు కూడా దానిదే అవుతుంది. నేను రిపోర్టులో రెండు దీర్ఘాలు దిద్ది ఇచ్చాను.

జూలై 4, శుక్రవారం

సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడట. అంతకుముందే స్టోర్ రూములో గోనెసంచుల్లో ఉన్న కార్డులు బాయిలర్‌లో వేయించమని భరత్ చెప్పాడు. ఎలాగూ డిజిటైజ్ అయ్యాయి, పేపరెందుకు అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఇంటికి వెళ్లేముందు లైట్లు తీసెయ్యమన్నట్టు.

జూలై 5, శనివారం

నాలుగు గంటలు స్టోర్ రూములో నేల మీద కూర్చున్నాను. సువార్తమ్మవి ఒక్కొక్కటే ఏరాను. పైపు గురించి రాసినవి తొమ్మిది. రోజు, టైము, ఆవిరి ఏ ఎత్తున వచ్చింది, ఎంతసేపు, ఎవరు పక్కన ఉన్నారు, అన్నీ. జూన్ 23 కార్డులో సుప్రజ జడ కొసలు చెమ్మగిల్లాయని రాసింది. కంపెనీ సేఫ్టీ రిజిస్టర్‌లో ఒక్క గీత లేదు, ఈమె కార్డుల్లో నెలంతా ఉంది.

తొమ్మిదింటి మీదా నా ఎర్ర టిక్కు. తొమ్మిదింటి మీదా నా పొడి అక్షరాలు.

ఇవి ఇన్‌స్పెక్టర్‌కు ఇస్తే సుప్రజ తప్పు కాదని తేలుతుంది. చదివి ఊరుకున్నది నేనని కూడా తేలుతుంది. కార్డులు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వచ్చాను. ఇస్తానని రాయడం లేదు. బ్యాగ్‌లో ఉన్నాయని మాత్రం రాస్తున్నాను.

జూలై 6, ఆదివారం

చర్చి విడిచే వేళకు సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధి, రెండు గదులు. ఎందుకు వెళ్లానో దాచుకోవడం ఎందుకు? వదిలెయ్యమ్మా, పెద్దోళ్లతో మనకెందుకు అని ఆమె అంటుందని వెళ్లాను. ఆమె అంటే నేను కార్డులు చించేసేదాన్ని.

కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. నేనే కార్డులు బయటికి తీసి, ఇంత కష్టం రాసి చివర్లో స్తోత్రం అని ఎందుకు రాశావమ్మా, ఫిర్యాదు అని రాసుంటే నాకు తెలిసేది కదా అన్నాను. తప్పు ఆమె మీదికి తోయడానికి ఎంత తొందరో నాకు.

ఆమెకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. వాళ్ల ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెబుతారట. లేచి నిలబడి, తమకు వచ్చిన ఆపదను రోజుతో సహా అందరి ముందరా విప్పి చెప్పి, అప్పుడు దేవుడికి స్తోత్రం అంటారట. ఆపద చెప్పకుండా ఉత్త స్తోత్రం అంటే సాక్ష్యం కాదట. వినేవాళ్లు ఊరికే వినరట, ఆ ఇంటికి పోతారు, బియ్యం తీసుకుపోతారు, ఆసుపత్రికి తోడు పోతారు. మంచి సంగతి రాయమని నేను కార్డు ఇస్తే ఆమె సాక్ష్యం రాసింది.

తర్వాత నా చేతిలోని కార్డు మీద ఎర్ర టిక్కు మీద వేలు పెట్టింది.

"ఇది సూసినానమ్మా బోర్డు మీద. ఆపీసోళ్లు సదివినారు, ఇంక బాగు చేస్తారు అనుకుంటి. ఆ పిల్ల ఆడ నిలబడేదానికి బయపడతా ఉండె. నన్ను ఇంకో చోట ఏయమని అడుగుతా పెద్దమ్మా అనె. యాల అడుగుతావు, టిక్కు పెట్టినారు సూడు, స్వర్ణలతమ్మకు తెలుసులే, నిలబడు అని నేనే చెప్పినా."

అప్పుడు ఏడ్చింది. నా ముందర కాదు, లోపలి గదిలోకి పోయి. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. తన మాట వినే ఆ పిల్ల అక్కడ నిలబడిందని ఆమె ఏడుస్తోంది. నేను ఆ మాట కత్తిరించానని ఆమెకు అప్పటికి ఇంకా తెలియదు.

లోపలికి పోయి చెప్పాను. యాప్ సంగతి, వంద అక్షరాలు, క్షేమంగా పనిచేశాను అని నేను ఎక్కించిన సంగతి. ఆమె కళ్లు తుడుచుకుని విన్నది. అట్లయితే సదవలేదా అమ్మా అని అడిగింది. చదివాను అన్నాను. మొదట్లో చదివాను.

ఆమె లేచి చెంగు సర్దుకుంది. నాతో పాటు గేటు దాకా వచ్చింది.

జూలై 7, సోమవారం

ఇచ్చేశాను.

ఇన్‌స్పెక్టర్ మునిచంద్ర గదిలో కూర్చుని ప్రింటవుట్లు తిరగేస్తున్నాడు. భరత్ పక్కన నిలబడి, మా దగ్గర వర్కర్లకు ఏ సమస్య ఉన్నా రోజూ రాసుకునే సిస్టమ్ ఉంది సార్, చూడండి అంతా సంతోషమే అంటున్నాడు. నేను లోపలికి పోయి తొమ్మిది కార్డులూ బల్ల మీద వరసగా పేర్చాను. ఇవి అసలువి, అవి నేను మార్చినవి అన్నాను.

ఇన్‌స్పెక్టర్ తొమ్మిదీ చదివాడు. తొందరపడలేదు. కొన్ని రెండుసార్లు చదివాడు. ఈ టిక్కు ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. తెలిసి ఎవరికీ చెప్పలేదా అన్నాడు. లేదన్నాను. రాసి ఇవ్వమన్నాడు, రాసి ఇచ్చాను, సంతకం పెట్టాను. మార్చమన్నది ఎవరో కూడా రాశాను, అయితే మార్చింది నా చేతులే అని కూడా రాశాను. గంగులయ్యను పిలిపించారు. మే నెల మాట అతను ఈసారి మునిచంద్ర ముందరే చెప్పాడు.

వరండాలో భరత్ నన్ను ఆపాడు. కంపెనీకి ఏమీ కాదు, పోయేది నువ్వే, నీకు బుద్ధుందా అన్నాడు. మొదటిసారి అతని నోట్లోంచి ఒక నిజమైన మాట విన్నాను.

సాయంత్రం నాలుగుకు మెయిల్ వచ్చింది. విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. మొదటి లైను: మీ వెల్‌బీయింగ్ మాకు ఎంతో ముఖ్యం. పై నుంచి కింది దాకా చదివాను. బాగా రాశారు. నాలాంటిదే ఎవరో క్లీన్ చేసి ఉంటుంది.

జూలై 9, బుధవారం

సువార్తమ్మ ఫోన్. సొంత అజాగ్రత్త అన్న మాట రిపోర్టులోంచి తీసేశారట, వైద్యం కంపెనీయే చేయిస్తుందట. కన్ను సంగతి డాక్టర్లు ఇంకా చెప్పలేదు. ఇంతే చెప్పి పెట్టేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను. వెంటనే నా మీద నాకే రోత పుట్టింది, ఆ హమ్మయ్యలో సగం నా కోసం.

జూలై 10, గురువారం. కుప్పం బస్టాండు

సుప్రజను చూశాను. కుడి కన్నుకు కట్టు ఉంది. ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చిన సంగతి ముందే విన్నదట, నన్ను చూసి నవ్వబోయింది, చర్మం లాగి ఆపేసింది. అక్కా, కూర్చో అనింది. కూర్చుని, మిగతాది చెప్పాను. ఏదీ వదలలేదు.

మొదటి కార్డు ఏ తేదీ అని అడిగింది. జూన్ నాలుగు అన్నాను.

ఎడమచేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలు పెట్టి, ఆవిరి కొట్టిన రోజు దాకా మెల్లగా లెక్క పెట్టుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను.

"ఇరవై ఏడు దినాలు," అనింది. "ఇంక రాబాకు అక్కా."

రానన్నాను.